సొరంగంలో వైర్‌లెస్ సెన్సార్లు: బ్యాటరీ భేష్, స్క్రీన్‌తోనే సమస్య

సొరంగంలో తేమ, ఉష్ణోగ్రత, కార్బన్ మోనాక్సైడ్, గోడ పగుళ్లు గమనించడానికి లోరా (తక్కువ కరెంటుతో ఎక్కువ దూరం పంపే రేడియో పద్ధతి) సెన్సార్ల సెట్ ఒకటి పెట్టించాం. వాటి నిర్వహణ నాదే. కంపెనీ పేరు రాయను. ఇలాంటివి కొనబోయేవాళ్లు ఏం అడగాలో మాత్రం చెబుతాను.

బ్యాటరీ విషయంలో వంక పెట్టడానికి లేదు. నోడ్‌లో, అంటే సెన్సార్, రేడియో కలిసి ఉన్న ఒక్కో డబ్బాలో, ఉండేది 3.6 వోల్టుల లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్. ఊరికే ఉంచితే ఏడాదికి 1 శాతం దాకా మాత్రమే తరుగుతుంది. నోడ్ పావుగంటకోసారి లేచి, కొలిచి, పంపి, మళ్లీ నిద్రపోతుంది. నిద్రలో తాగే కరెంటు కొన్ని మైక్రో ఆంపియర్లే. చెమ్మకు పాడయ్యే తీగల బెడద మాకు పూర్తిగా తప్పింది. కాకపోతే చాన్నాళ్లు వాడని సెల్ లోపల పొర కడుతుంది, దాంతో మొదటిసారి పంపేటప్పుడు వోల్టేజ్ జారిపోతుంది. స్టోర్‌లోంచి తీసిన నోడ్ పదే పదే రీసెట్ అవుతుంటే సెల్ చచ్చిపోయిందని పారేయకండి.

సిగ్నల్ తిన్నని దారిలో హాయిగా పోతుంది, మలుపు రాగానే పడిపోతుంది. బ్రోషర్‌లోని కిలోమీటర్లు ఆరుబయట లెక్క. సిగ్నల్ అందడం లేదని స్ప్రెడింగ్ ఫ్యాక్టర్‌ని (సందేశాన్ని ఎంత నెమ్మదిగా, ఎంత దూరం అందేలా పంపాలో చెప్పే సెట్టింగ్) 7 నుంచి 12కి పెంచితే అదే చిన్న సందేశం పంపడానికి దాదాపు ఇరవై రెట్ల సమయం పడుతుంది. ఆ భారమంతా సెల్ మీదే. మలుపు దగ్గర సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే రిపీటర్ ఒకటి పెట్టడమే నయం.

కార్బన్ మోనాక్సైడ్ సెన్సార్ మంచిదే. కానీ బ్యాటరీ బండ్లు ఛార్జింగ్ పెట్టే చోట హైడ్రోజన్ తగిలితే దాన్నీ కార్బన్ మోనాక్సైడ్‌గానే చూపిస్తుంది. అక్కడ పెట్టకండి.

మీథేన్‌కి మాత్రం ఈ సెట్‌ను నమ్ముకోవద్దు. గాలిలో 5 నుంచి 15 శాతం ఉంటే పేలే వాయువది. మీథేన్‌ను కనిపెట్టే పెల్లిస్టర్ రకం సెన్సార్‌లో, వాయువును పసిగట్టే చిన్న పూసను ఎప్పుడూ వేడిగా ఉంచాలి, అంత కరెంటు ఈ సెల్ ఇవ్వలేదు. పావుగంటకోసారి చూస్తే చాలనే వాయువు కూడా కాదు. పైగా ఐపీ67 అని రాసి ఉంటే నీళ్లు, దుమ్ము చొరబడవని మాత్రమే అర్థం. పేలుడు వాయువు ఉన్న చోట వాడటానికి విడిగా ఎక్స్ సర్టిఫికెట్ కావాలి.

నన్ను నిజంగా భయపెట్టింది రీడింగులు చూపే స్క్రీన్. ఒక నోడ్ మూగబోయినా చివరి రీడింగే పచ్చరంగులో కనిపిస్తూనే ఉంది. పైకప్పు రాయి పడి నోడ్ నలిగినా, నీళ్లలో మునిగినా, చూసేవాడికి అంతా బాగున్నట్టే. భూమి లోపల కబురు రాకపోవడమే అన్నిటికన్నా పెద్ద కబురు. గట్టిగా అడిగితే ‘చివరిసారి అందిన సమయం’ అని ఒక గడి చేర్చారు, అలారం ఇంకా ఇవ్వలేదు. లోపల మనుషులు పనిచేస్తున్నారు, ఇది చిన్న లోపం అని సర్దుకుపోలేను.

డెమోకి వచ్చినప్పుడు వాళ్ల ఎదుటే ఒక నోడ్ బ్యాటరీ తీసేయండి. స్క్రీన్ ఎంతసేపటికి ఎర్రబడుతుందో చూశాకే ఆర్డర్ సంగతి మాట్లాడండి.