స్కాట్లండ్ చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులు: ధనిక యజమానా, అభిమానుల సంఘమా, ఊరి సంస్థా... ఏది మేలు?

స్కాట్లండ్ కింది డివిజన్ల ఫుట్‌బాల్ గురించి రాసినప్పుడల్లా పాఠకులు అడిగే ప్రశ్న ఒకటుంది. అంత చిన్న ఊళ్లలో, అంత కొద్దిమంది ప్రేక్షకులతో నడిచే ఆ క్లబ్బులు పది కాలాల పాటు నిలవాలంటే ఎవరి చేతుల్లో ఉండడం మేలు? 2024 అక్టోబరులో ఇన్వర్నెస్ కాలెడోనియన్ థిసిల్, నవంబరులో డంబార్టన్ ఒకదాని వెంట ఒకటి అడ్మినిస్ట్రేషన్‌లోకి (అప్పులు తీర్చలేని సంస్థను బయటి నిర్వాహకులకు అప్పగించే ఏర్పాటు) వెళ్లి, చెరో 15 పాయింట్లు పోగొట్టుకున్న తర్వాత ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. అందుకే ఈసారి మూడు దారులను పక్కపక్కన పెట్టి తూచి చూస్తాను: డబ్బున్న ఒకే ఒక్క యజమాని, అభిమానులే యజమానులైన సంఘం, లాభాపేక్ష లేకుండా ఊరి కోసం నడిచే సంస్థ. ఇతర మార్గాలు లేకపోలేదు గానీ వాటికి ఒక్క పేరా చాలు.

ముందు లెక్క సంగతి. స్కాట్లండ్ ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎస్‌పీఎఫ్‌ఎల్‌లోని నాలుగు డివిజన్లలో 42 క్లబ్బులున్నాయి. కింది రెండు డివిజన్లలోని 20 క్లబ్బుల్లో ఎక్కువ భాగం పార్ట్‌టైమ్‌వే. ఆటగాళ్లు పగలు తమ ఉద్యోగాలు చేసుకుని, వారంలో రెండు సాయంత్రాలు సాధనకు వచ్చి, శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు మైదానంలోకి దిగుతారు. గేటు దగ్గర టికెట్ కొనేవారు చాలాచోట్ల వందల్లోనే ఉంటారు. ఆ డబ్బుకు లీగ్ పంచే వాటా, స్థానిక వ్యాపారుల ప్రకటన పలకలు, విరామంలో అమ్మే పైలు, టీలు, నెగ్గినవారికి సగం క్లబ్బుకు సగం చొప్పున పంచే లాటరీ తోడవుతాయి. స్కాటిష్ కప్ డ్రాలో పెద్ద క్లబ్బులైన సెల్టిక్‌తోనో రేంజర్స్‌తోనో ఆట పడితే ఆ ఏడాది గట్టెక్కినట్టే. ఇలాంటి అదృష్టం మీద ఏ క్లబ్బూ బడ్జెట్ వేసుకోలేదు కాబట్టి, మిగతా ఏళ్లలో డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు సంగతి.

ధనిక యజమాని అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు గ్రెట్నా. ఇంగ్లండ్ సరిహద్దును ఆనుకుని, జనాభా మూడు వేలకు కాస్త అటూ ఇటూగా ఉండే ఆ ఊరు, పారిపోయి వచ్చిన ప్రేమజంటల పెళ్లిళ్లకే తప్ప ఫుట్‌బాల్‌కు ఏనాడూ పేరుపడింది కాదు. అప్పటిదాకా ఇంగ్లండ్ కింది స్థాయి లీగుల్లో ఆడుతున్న గ్రెట్నాకు, ఎయిర్‌డ్రియోనియన్స్ క్లబ్ మూతపడి ఖాళీ ఏర్పడడంతో 2002లో స్కాటిష్ లీగ్‌లో చోటు దొరికింది. వ్యాపారవేత్త బ్రూక్స్ మైల్సన్ డబ్బుతో ఆ జట్టు 2005, 2006, 2007లలో వరుసగా మూడు డివిజన్లు ఎగబాకింది. 2006లో స్కాటిష్ కప్ ఫైనల్ చేరి, హార్ట్స్‌ను పెనాల్టీల దాకా లాగి ఓడిపోయింది. 2007 ఏప్రిల్‌లో, సీజన్ చివరి రోజు ఆఖరి క్షణాల్లో జేమ్స్ గ్రేడీ కొట్టిన గోల్‌తో స్కాట్లండ్ అత్యున్నత డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌కే చేరింది.

ఆ తర్వాత జరిగింది చాలా త్వరగా జరిగింది. గ్రెట్నా సొంత మైదానం రేడేల్ పార్క్ ప్రీమియర్ లీగ్ ప్రమాణాలకు సరిపోలేదు. దాంతో 'హోం' ఆటలను దూరాన ఉన్న మదర్‌వెల్ ఊరి ఫర్ పార్క్‌లో ఆడాల్సి వచ్చింది. మైల్సన్ ఆరోగ్యం చెడింది, డబ్బు ఆగిపోయింది, 2008 మార్చిలో క్లబ్ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. ఆ ఏప్రిల్‌లో ఇన్వర్నెస్‌తో ఆడిన ఆటకు వచ్చిన ప్రేక్షకులు 431 మంది. దేశంలోని అత్యున్నత డివిజన్‌లో అది! వేసవికల్లా గ్రెట్నా లీగ్ నుంచి తప్పుకుంది, ఆ ఏడాదే మూతపడింది. మైల్సన్ కూడా అదే నవంబరులో కన్నుమూశారు. ఆయన ఉదారతను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఒక మనిషి ఆరోగ్యం మీద ఒక క్లబ్ ఆయుష్షు ఆధారపడిందంటే, తప్పు ఆ మనిషిది కాదు, ఆ ఏర్పాటుది.

అయితే ఇదే దారిలో నడిచి నిలబడ్డ క్లబ్ కూడా ఉందని చెప్పకపోతే న్యాయం కాదు. గ్రేడీ ఆ గోల్ కొట్టింది డింగ్‌వాల్‌లో, రాస్ కౌంటీ మైదానంలోనే. ఆ సీజన్‌లోనే రాస్ కౌంటీ కింది డివిజన్‌కు జారింది. అయినా అయిదేళ్లకు, 2012లో, అది అత్యున్నత డివిజన్‌కు చేరింది; 2016లో లీగ్ కప్ గెలిచింది. దాని వెనకున్న ధనిక యజమాని రాయ్ మెక్‌గ్రెగర్ ఆ ప్రాంతం మనిషి, ఆయన వ్యాపారమూ అక్కడిదే, 1994లో ప్రాంతీయ లీగ్ అయిన హైలాండ్ లీగ్ నుంచి పైకి వచ్చిన ఆ క్లబ్ మెట్టుమెట్టుగా ఎక్కడానికి 18 ఏళ్లు తీసుకుంది. కనుక ధనిక యజమాని అన్నివేళలా చేటు అనలేం. అలాంటి యజమాని దొరకడం అదృష్టం; కానీ దొరుకుతాడని నమ్ముకుని కూర్చోవడం ప్రణాళిక కాదు.

అభిమానుల యాజమాన్యానికి స్టర్లింగ్ ఆల్బియన్ మంచి ఉదాహరణ. 2010లో అక్కడి మద్దతుదారుల ట్రస్టు చందాలు పోగుచేసి క్లబ్బునే కొనేసింది. ఆ ఏర్పాటులోని గొప్పతనం ఒక్కటే, అదే చాలా పెద్దది: రాత్రికి రాత్రి ఎవరూ క్లబ్బును మూడో మనిషికి అమ్మేయలేరు. లోపాలు కూడా అంతే స్పష్టం. బోర్డులో కూర్చునేవారు జీతంలేని వాలంటీర్లు. పగలంతా ఉద్యోగం చేసి, రాత్రి క్లబ్ లెక్కలు చూసి, శనివారం గేటు దగ్గర నిలబడేవారు. కొన్నేళ్లకు వాళ్లు అలసిపోతారు. జట్టు ఓడుతుంటే కొత్త స్ట్రైకర్‌కు డబ్బు కావాలి, దానికి మళ్లీ చందా ఎత్తాలి. ఇచ్చేదీ అడిగేదీ ఆ కొన్ని వందలమందే. స్టర్లింగ్ 2023లో లీగ్ టూ (నాలుగింటిలో అట్టడుగు డివిజన్) విజేతగా పైకి వెళ్లి మరుసటి సీజన్‌కే తిరిగి దిగిరావడంలో వింతేమీ లేదు.

ఇంతవరకు చెప్పినదంతా క్లబ్ వాటాలు ఎవరి చేతిలో ఉన్నాయనే దాని చుట్టూ తిరిగింది. నా దృష్టిలో ఫలితాన్ని తేల్చేది అది కాదు, మైదానం ఎవరి చేతిలో ఉందన్నది. స్టర్లింగ్‌నే చూడండి. 1980లలో అప్పులు తీర్చుకోవడానికి ఆ క్లబ్ తన యాన్‌ఫీల్డ్ మైదానాన్ని స్థానిక కౌన్సిల్‌కు అమ్ముకుంది. 1993 నుంచి ఫోర్త్‌బ్యాంక్‌లో ఆడుతోంది. అభిమానులు క్లబ్బునైతే కొనగలిగారు గానీ, పోయిన మైదానాన్ని తిరిగి తెచ్చుకోలేకపోయారు. సభ్యుల యాజమాన్యంలోనే ఉన్న క్లైడ్ కథ ఇంకా దయనీయం. షాఫీల్డ్ మైదానాన్ని 1935లోనే కుక్కల పందేల కంపెనీకి అమ్ముకున్నా, అక్కడే అద్దెకు ఆడుతూ మూడుసార్లు స్కాటిష్ కప్ గెలిచిన ఆ క్లబ్, 1986లో అక్కడి నుంచి ఖాళీ చేయాల్సి వచ్చింది. తర్వాత ఒక అద్దె మైదానం నుంచి మరోదానికి మారుతూ కంబర్‌నాల్డ్‌లో దాదాపు మూడు దశాబ్దాలుండి, 2022లో హ్యామిల్టన్ చేరింది. ఇన్ని మార్పుల తర్వాత తరవాతి తరం అభిమానిని ఏ ఊరి పిల్లల్లో వెతుక్కోవాలి?

ఈ వాదనకు ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం ఫాల్కర్క్ చుట్టుపక్కల దొరుకుతుంది. అక్కడ కొద్ది మైళ్ల దూరంలో రెండు చిన్న క్లబ్బులు: ఈస్ట్ స్టర్లింగ్‌షర్, స్టెన్‌హౌస్‌మ్యూర్. రెండూ 19వ శతాబ్దంలో పుట్టినవే, రెండూ దశాబ్దాల తరబడి కింది డివిజన్లలోనే గడిపినవే. తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌లో పేరుపొందిన అలెక్స్ ఫెర్గూసన్ 1974లో మేనేజర్‌గా తొలి అడుగు వేసింది ఈస్ట్ స్టర్లింగ్‌షర్‌లోనే కాబట్టి ప్రతిష్ఠలో అదే ఒక పిసరు ఎక్కువ. ఆ క్లబ్ 2000లలో ఖర్చు తగ్గించుకోవాలని ఆటగాళ్ల జీతాన్ని వారానికి పది పౌన్లకు కుదించింది. 2003-04లో 36 ఆటల్లో దక్కినవి 8 పాయింట్లు. వరుసగా అయిదేళ్లు అట్టడుగునే ముగించింది. చివరికి 2008లో తన ఫర్స్ పార్క్ మైదానాన్ని విడిచి, పొరుగున ఉన్న స్టెన్‌హౌస్‌మ్యూర్ వారి ఓకిల్‌వ్యూ పార్క్‌లో అద్దెకు చేరింది. అప్పటికి అట్టడుగున నిలిచినా లీగ్ నుంచి బయటికి దిగే ఏర్పాటు లేదు గనుక బండి నడిచింది. 2015 నుంచి హైలాండ్, లోలాండ్ లీగుల విజేతలతో ప్లేఆఫ్ మొదలయ్యాక రెండో ఏడాదే, 2016లో, ఎడిన్‌బరా సిటీ చేతిలో ఓడి లీగ్‌లోని చోటే పోగొట్టుకుంది.

అద్దె ఇచ్చిన క్లబ్ సంగతి చూడండి. స్టెన్‌హౌస్‌మ్యూర్ 1890 నుంచి ఓకిల్‌వ్యూలోనే ఉంది. 1951లో స్కాట్లండ్‌లో ఆధునిక ఫ్లడ్‌లైట్ల కింద తొలి ఆట జరిగింది అక్కడే. కొత్త స్టేడియం సిద్ధమయ్యేదాకా 2003-04లో ఫాల్కర్క్ అక్కడ అద్దెకు ఆడింది, తర్వాత పదేళ్లు ఈస్ట్ స్టర్లింగ్‌షర్ ఆడింది, 2022-23లో క్వీన్స్ పార్క్ ఆడింది. అక్కడున్నది కృత్రిమ మైదానం. మామూలు గడ్డి మైదానం వారంలో కొన్ని గంటలకు మించి ఆటను తట్టుకోదు, శీతాకాలంలో అది కూడా అనుమానమే. కృత్రిమ మైదానం మీద సోమవారం సాయంత్రం పిల్లల జట్లు, మంగళవారం సొంత జట్టు సాధన, బుధవారం ఆఫీసు ఉద్యోగుల అయిదుగురి జట్లు, ఆదివారం ఆడపిల్లల జట్లు ఆడుకోవచ్చు. ప్రతి గంటకూ అద్దె వస్తుంది. శనివారం గేటు మీద వచ్చే నాలుగు వందలమంది డబ్బుకు వారం పొడుగునా వచ్చే ఈ ఆదాయం తోడైనప్పుడే బడ్జెట్‌కు ఒక నిలకడ ఏర్పడుతుంది. స్టెన్‌హౌస్‌మ్యూర్ లాభాలు పంచుకోని కమ్యూనిటీ సంస్థగా నమోదై, ఇదే పద్ధతిలో నడుస్తూ, 2024లో గ్యారీ నేస్మిత్ మేనేజర్‌గా ఉండగా లీగ్ టూ గెలిచింది. 1884లో పుట్టిన క్లబ్బుకు అదే తొలి లీగ్ టైటిల్! 140 ఏళ్లు ఆగగల ఓపిక ఉన్నవారికే ఈ పద్ధతి అని ఎవరైనా ఎకసెక్కం ఆడితే, నేను కాదనను.

ఉత్తర ఎడిన్‌బరాలోని స్పార్టన్స్‌ది కూడా ఇదే బాట. ఐన్స్‌లీ పార్క్ కేంద్రంగా దాని ధార్మిక సంస్థ పేద పేటల పిల్లలతో, బడులతో ఏళ్ల తరబడి పనిచేసింది. 2023లో ఆల్బియన్ రోవర్స్‌ను తప్పించి జట్టు లీగ్ టూలో అడుగుపెట్టింది. ఊరికి ఉపయోగపడే సంస్థకు గ్రాంట్లు దొరుకుతాయి, కౌన్సిల్ మాట వింటుంది, స్పాన్సర్ తలుపు తీస్తాడు. ఈ మోడల్‌లోని చిక్కేమిటంటే గ్రాంట్ వచ్చేది పిల్లల కార్యక్రమానికే గానీ సెంటర్ ఫార్వర్డ్ జీతానికి కాదు; కృత్రిమ మైదానం కూడా పదేళ్లు దాటాక అరిగిపోయి, మార్చడానికి పెద్ద మొత్తం అడుగుతుంది. ఆ మొత్తాన్ని ఏటా కొంత పక్కన పెట్టని క్లబ్బుకు పదో ఏట ధనిక యజమాని కోసం వెతుక్కోవడమే మిగులుతుంది.

మైదానం చేతిలో ఉంటే చాలు, అంతా క్షేమమే అని కూడా అనుకోరాదు. బానీరిగ్ రోజ్ సొంత ఊళ్లో, తనదైన మైదానంలోనే ఆడుతోంది. కానీ ఆ మైదానం వాలుగా ఉందని, సరిచేయలేదని 2024-25లో ఆరు పాయింట్లు కోసేశారు. ఆ సీజన్ చివర ప్లేఆఫ్‌లో ఈస్ట్ కిల్‌బ్రైడ్ చేతిలో ఓడి లీగ్‌లోని చోటూ పోయింది. డంబార్టన్‌ది ఇంకో రకం పాఠం. కోట ఉన్న పెద్ద బండరాయి కింద, 2000 డిసెంబరులో కట్టుకున్న స్టేడియంలో ఆడే ఆ క్లబ్, స్కాట్లండ్ తొలి లీగ్ టైటిల్‌ను 1891లో రేంజర్స్‌తో పంచుకుని, మరుసటి ఏడాది ఒంటరిగానే గెలిచిన క్లబ్. నిర్మాణాల కోసం అమ్మిన భూమి తాలూకు సొమ్ము చేతికి రాకపోవడమే దాని పతనానికి ముఖ్య కారణమని అడ్మినిస్ట్రేటర్లు చెప్పారు. మైదానం ఆట కోసం ఉన్నంతకాలమే ఆస్తి. ప్లాట్ల లెక్కలోకి వెళ్లిననాటి నుంచి అదే క్లబ్ మెడకు ఉచ్చు. క్లైడ్‌బ్యాంక్ 1996లో కిల్‌బోవీ పార్క్‌ను పోగొట్టుకుని అద్దె మైదానాల్లో తిరిగింది; చివరికి 2002లో, మూతపడ్డ ఎయిర్‌డ్రియోనియన్స్ బదులు ఎయిర్‌డ్రీ ఊరికి మళ్లీ ఒక క్లబ్ కావాలన్నవారు దాని లీగ్ చోటునే కొనేశారు. అభిమానులు మళ్లీ మొదటి మెట్టు నుంచి కొత్త క్లబ్బును కట్టుకోవాల్సి వచ్చింది.

మిగతా మార్గాల్లో మొదటిది విలీనం. ఇన్వర్నెస్‌లో 1994లో రెండు క్లబ్బులను కలిపితే ఫలించింది. 1964లో ఈస్ట్ స్టర్లింగ్‌షర్‌ను క్లైడ్‌బ్యాంక్‌కు తరలించి కలిపితే ఏడాదికే కోర్టు విడదీసింది. పెద్ద క్లబ్బుల బీ (రెండో శ్రేణి) జట్లను కింది లీగుల్లో ఆడించి ఆ డబ్బు తీసుకోవడం రెండోది, దాని మీద చర్చ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. రెండూ చిన్న క్లబ్ సమస్యకు జవాబులని నాకు అనిపించవు.

కనుక నా మొగ్గు ఊరి సంస్థ వైపే, మైదానం దాని చేతిలోనే ఉండాలనే షరతుతో. అది కుదరనిచోట అభిమానుల సంఘం. కానీ ఆ సంఘం వాటాలు కొనేముందు కౌన్సిల్‌తో ముప్పై నలభై ఏళ్ల లీజు రాయించుకోవడం మేలు. ఈ పద్ధతికీ ఒక పైకప్పు ఉంది. 2026-27 సీజన్ నుంచి అత్యున్నత డివిజన్ అయిన ప్రీమియర్‌షిప్‌లో కృత్రిమ మైదానాలు ఉండరాదని అక్కడి క్లబ్బులు 2024లో తీర్మానించాయి. అంటే స్టెన్‌హౌస్‌మ్యూర్ లాంటి క్లబ్ ఏదైనా ఒకనాడు అంత ఎత్తుకు చేరితే, వారం పొడుగునా తనకు కూడు పెట్టిన మైదానాన్నే తవ్వించి గడ్డి వేయించుకోవాలి. దానికయ్యే ఖర్చుకూ, పోయే అద్దెలకూ అత్యున్నత డివిజన్ డబ్బు సరిపోవచ్చు. కానీ మరుసటి ఏడాదే కిందికి జారితే గడ్డి మైదానం మిగులుతుంది, అద్దెకు ఆడేవారు ఈలోగా వేరే చోటు చూసుకుని ఉంటారు.