గినీ పిగ్ బాత్ కిట్: టవల్ బాగుంది, లేబుల్ మాత్రం నమ్మకండి

మా ఇంట్లో రెండు గినీ పిగ్స్ ఉన్నాయి, రెండూ మగవే. పొట్టి జుట్టుదాని పేరు గుండు. పెరూవియన్ రకం, వెంట్రుకలు నేలమీద ఈడ్చుకుంటూ తిరిగేదాని పేరు జూలు. జూలు కోసమే ఈ కిట్ కొన్నాను. షాంపూ సీసా, చిన్న ప్లాస్టిక్ టబ్, మెత్తటి బ్రష్, మైక్రోఫైబర్ టవల్ వచ్చాయి. కొని ఆరు నెలలైంది, ఇప్పటికి మూడుసార్లు వాడాను. మూడుసార్లేనా అనకండి, గినీ పిగ్‌కి అదే ఎక్కువ.

ముందు లేబుల్ సంగతి చెప్పాలి, నాకు కోపం వచ్చింది అక్కడే. సీసా మీద "వారానికి ఒకసారి" అని రాశారు. దయచేసి అలా చేయకండి. మాటిమాటికీ షాంపూ పెడితే చర్మంలో ఉండే నూనె పోయి ఒళ్ళు ఎండిపోతుంది, పొట్టు లేస్తుంది, దురద మొదలవుతుంది, తడి ఆరక చలి పట్టిందంటే న్యుమోనియా దాకా వెళ్ళొచ్చు, ఇవన్నీ కాక అసలు స్నానమంటేనే వాటికి బోలెడు టెన్షన్. పొట్టి జుట్టు వాటికి ఏదైనా అంటుకుంటే తడిగుడ్డతో తుడిస్తే చాలు. జూలులాంటి వాటికి కూడా చాలాసార్లు వెనక భాగం ఒక్కటి కడిగితే సరిపోతుంది. అదే సీసా మీద హ్యామ్‌స్టర్, చించిల్లా బొమ్మలు కూడా వేశారు! చించిల్లాని నీళ్ళతో తడపనే కూడదు, దాని బొచ్చు ఎంత దట్టమంటే లోపలి తడి ఓ పట్టాన ఆరదు, అది మెత్తటి దుమ్ములో దొర్లి శుభ్రపడుతుంది. ఆ దుమ్ము తెచ్చి గినీ పిగ్స్‌కి మాత్రం పెట్టకండి, కళ్ళకీ ఊపిరికీ ఇబ్బంది.

ఇంకోమాట, "చర్మం మీది పురుగులు పోతాయి" అని కూడా ఉంది. ఆ మాట నమ్మే నేను నష్టపోయాను. గుండు వీపు మీద తెగ గోక్కుంటుంటే ఈ షాంపూతో కడిగి వారం రోజులు చూశాను, తగ్గకపోగా ఒకచోట వెంట్రుకలు ఊడి ఎర్రటి చర్మం బయటపడింది, చేయి తగిలితే చాలు కీచుమనేవాడు. డాక్టర్ చర్మాన్ని కాస్త గీకి మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే గజ్జి పురుగు. అది చర్మం లోపలికి తొలుచుకుని ఉంటుంది, పైపైన నురగ పూస్తే పోదు. ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఇచ్చారు, అదీ బరువు తూచి, ఇన్ని రోజులకోసారని లెక్క చెప్పి. ముదిరితే ఆ దురదకే మూర్ఛలు కూడా వస్తాయట. ఆ వారం రోజులు వాడు పడ్డ బాధ తలుచుకుంటే ఇప్పటికీ మనసు అదోలా అయిపోతుంది. మీ గినీ పిగ్ గోక్కుంటుంటే షాంపూ కోసం వెతక్కండి, నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. పొట్ట కింద ఎప్పుడు చూసినా మూత్రంతో తడిగా ఉన్నా అంతే, మూత్రంలో ఇన్ఫెక్షనో రాళ్ళో ఉండొచ్చు, కడిగితే కారణం పోదు కదా.

టబ్ సైజు బాగానే ఉంది కానీ అడుగు నున్నగా ఉంటుంది. మొదటిసారి జూలుని దింపగానే నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకి జారిపోయాయి, పళ్ళు కటకటలాడిస్తూ నా చేతి మీదుగా పైకి ఎక్కబోయాడు. వెంటనే బయటికి తీసి, అడుగున పాత చేతిగుడ్డ ఒకటి పరిచి మళ్ళీ దింపాను. గోళ్ళు ఆ గుడ్డలో దిగగానే ఒళ్ళు వదులు చేసి నిలబడ్డాడు. కాబట్టి గుడ్డ తప్పనిసరి. నీళ్ళు పాదాలు మునిగేంత, రెండు మూడు సెంటీమీటర్లు చాలు, మోచేయి పెట్టి చూస్తే గోరువెచ్చగా తగలాలి. ఒక చెయ్యి ఎప్పుడూ ఛాతీ కింద ఉండాలి, నీళ్ళు కప్పుతో మెల్లగా భుజాల వెనక నుంచి పోయాలి. తల మీద అస్సలు పోయకండి, చెవుల్లోకి నీళ్ళు వెళ్తే ఇన్ఫెక్షన్ రావొచ్చు. టబ్‌ని నేల మీదే పెట్టుకోండి, బల్ల మీద నుంచి దూకితే కాళ్ళు విరుగుతాయి.

షాంపూ మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. వాసన దాదాపు లేదు, టీ ట్రీ నూనె లేదు (కొనేముందు ఇది చూసుకోండి, వాటికి అది విషం), నురగ తక్కువ కాబట్టి రెండు మూడు కప్పుల నీళ్ళకే పోతుంది. తోక ఉండాల్సిన చోట, వెన్ను చివర, ఒక జిడ్డు గ్రంథి ఉంటుంది, మగవాటికి అందులో జిడ్డు ఎక్కువ ఊరుతుంది, అక్కడ వెంట్రుకలు గోధుమరంగు బంకలా అట్టకడతాయి. దాని మీద ఈ షాంపూ ఒక్కటే పనిచేయలేదు. ముందు కాస్త కొబ్బరినూనె రాసి ఐదు నిమిషాలు నానబెట్టి, వేళ్ళతో మెల్లగా విడదీసి, అప్పుడు షాంపూ పెడితే శుభ్రంగా వచ్చేసింది. బ్రష్ పర్వాలేదు, చిక్కులు తీయదు, చిక్కులు స్నానానికి ముందే పొడిగా ఉన్నప్పుడు తీసుకోవాలి.

టవల్ మాత్రం నిజంగా బాగుంది. జూలుని అందులో చుట్టి ఒడిలో పెట్టుకుంటే పది నిమిషాల్లో పైతడి మొత్తం లాగేసింది. దీనివల్ల డ్రయర్ పని సగం తగ్గింది, అది నాకు పెద్ద సాయం, ఎందుకంటే మనకి వినపడని సన్నటి శబ్దాలు కూడా వాటికి వినపడతాయి, డ్రయర్ మోతకి బిగుసుకుపోతాయి. మిగిలిన తడికి డ్రయర్‌ని తక్కువ వేడిలో దూరంగా పట్టుకుని, మధ్యలో నా చేయి అడ్డం పెట్టి చూసుకుంటూ ఆరబెట్టాను. పొట్ట కింద వెంట్రుకల మొదళ్ళు పొడిగా తగిలే వరకు ఫ్యాన్, ఏసీ ఆపేసి ఉంచుతాను. తిరిగి గూట్లో పెట్టినప్పుడు గుండు వాసన చూసి కొత్తవాడొచ్చాడనుకుని గుర్రుమన్నాడు, ఇద్దరూ పడుకునే పాత ఫ్లీస్ గుడ్డ ముక్కతో జూలు వీపు తుడిచాక సర్దుకున్నాడు.

ఐదుకి మూడు మార్కులు ఇస్తున్నాను. పొడుగు జుట్టు గినీ పిగ్ ఉంటే కొనండి, పొట్టి జుట్టుదైతే అవసరం లేదు, కడుపుతో ఉన్నవాటికి, జబ్బుపడ్డవాటికి ఏ షాంపూ అయినా డాక్టర్‌ని అడక్కుండా వాడకండి. లేబుల్ మీద "వారానికి ఒకసారి" తీసేయమని, చించిల్లా బొమ్మ తీసేయమని కంపెనీకి మెయిల్ పెట్టాను. మారిస్తే ఇక్కడే వచ్చి రాస్తాను.