లిఫ్ట్ ఉందని అవిన్యోన్‌లో గది తీసుకుంటే

ఫ్రాన్స్‌లోని అవిన్యోన్ వెళ్లేవాళ్లకు ముందే ఒక మాట. కోట గోడల లోపల గది తీసుకునేటప్పుడు "లిఫ్ట్ ఉందా" అని అడిగి ఊరుకోకండి. "ఆ లిఫ్ట్ మా గది దాకా వస్తుందా" అని మెసేజ్‌లో అడిగి జవాబు తీసుకోండి. మేం అడగలేదు.

మేం ఉండేది లియోన్‌లో. రాజమండ్రి నుంచి అమ్మ వచ్చి నెలైంది. అరవై ఎనిమిదేళ్లు, రెండు మోకాళ్లూ నొప్పే. సెప్టెంబర్‌లో రెండు రాత్రులకు ఒక అపార్ట్‌మెంట్ బుక్ చేశాం. 236 యూరోలు, క్లీనింగ్ పేరుతో ఇంకో 45. ప్రకటనలో లిఫ్ట్ గుర్తు స్పష్టంగా ఉంది.

రైలు 40 నిమిషాలు లేటు. టీజీవీ అనే హైస్పీడ్ రైళ్ల స్టేషన్ ఊరి బయట ఉంటుంది, అక్కడి నుంచి సెంటర్ స్టేషన్‌కు ఇంకో రైల్లో ఐదు నిమిషాలు. మేం చేరేసరికి ఏడూ పది. తాళాలిచ్చే మనిషి బోన్‌సువా అన్నాక చెప్పిన మొదటి మాట, "ఏడు దాటితే 30 యూరోలు, క్యాషే ఇవ్వాలి" అని. ఇచ్చాం. లిఫ్ట్ ఏదంటే పెరటికి అవతలి బిల్డింగ్ చూపించాడు. అది వాళ్లకట! మా గది ఇటువైపు, మూడో అంతస్తులో. గుండ్రంగా తిరిగే రాతిమెట్లు, నడిమధ్య అరిగి గుంటలు పడ్డాయి. పట్టుకోవడానికి గోడకు కట్టిన తాడు ఒక్కటే. అమ్మ ఆ తాడు పట్టుకుని, మెట్టుమెట్టుకూ రెండు కాళ్లూ ఆనించి ఆగుతూ 54 మెట్లు ఎక్కింది. వెనకాలే నేను లెక్కపెడుతూ ఎక్కాను. పైకెళ్లి మంచం మీద కూలబడి, "రేపు నన్ను వదిలెయ్యవే, మీరిద్దరూ చూసి రండి" అంది. నాకు ఏడుపొచ్చింది. మా ఆయన ఓనరుకు ఫోన్ చేస్తే, పాత ఊళ్లో పాత మెట్లే ఉంటాయన్నాడు. అమ్మ వయసు ముందే రాశాం కదా అంటే ఫోన్ పెట్టేశాడు.

పొద్దున్నే బతిమాలితే అమ్మ బయల్దేరింది. పోపుల (క్యాథలిక్కుల మతపెద్దల) ప్యాలెస్‌కూ, సాన్ బెనెజే వంతెనకూ కలిపి టికెట్ మేం వెళ్లినప్పుడు మనిషికి 14.50 యూరోలు, కలిపే తీసుకోండి. 1309లో పోపు ఐదో క్లెమెంట్ ఈ ఊళ్లో మకాం పెట్టాడు. 1377 దాకా ఏడుగురు పోపులకు ఇదే రాజధాని. ప్యాలెస్ లోపల పెద్ద పెద్ద హాళ్లన్నీ బోసిగా ఉంటాయి. ఫ్రెంచి విప్లవం తర్వాత సైనికుల బ్యారక్స్‌గా వాడుకున్నారు, గోడల మీది బొమ్మల్ని కొన్ని చోట్ల పెకలించి అమ్ముకున్నారు కూడా. టికెట్‌తో ఇచ్చే ట్యాబ్లెట్‌లో అప్పటి అలంకారమంతా కనిపిస్తుంది. నాకు మాత్రం అసలు బొమ్మలు మిగిలిన "జింక గది" నచ్చింది. పోపు చదువుకునే గది గోడల మీద దేవుళ్లు కాదు, చేపల చెరువు, వేటకుక్కలు, చెట్లు. అక్కడా మెట్లు చాలానే. అమ్మ సగంలోనే ఆగిపోయి, బయట మాకోసం కూర్చుంది.

మధ్యాహ్నం మార్కెట్‌లో తాజా అంజీర్ పళ్లు తిన్నాం. తేనెలా ఉన్నాయి.

ఇక పడవ సంగతి. వంతెనకు దగ్గర్లోనే రేవు ఉంది. రోన్ నది దాటించి బార్తెలాస్ లంకకు తీసుకెళ్లే పడవ పూర్తిగా ఉచితం. లంక ఒడ్డున గడ్డిలో కూర్చుంటే ఎదురుగా వంతెన, దాని వెనక ప్యాలెస్, ఎండలో బంగారు రంగులో. ఒకప్పుడు 22 కమానుల వంతెన. వరదలకు మాటిమాటికీ కూలుతుంటే పదిహేడో శతాబ్దంలో బాగుచేయడం మానేశారు. ఇప్పుడు నాలుగే మిగిలాయి, నది మధ్యలో టక్కున ఆగిపోతుంది. నన్నడిగితే టికెట్ కొని దానిమీద నడిచినదానికంటే లంక నుంచి చూసిందే బాగుంది. "మన గోదావరి మీది హేవలాక్ బ్రిడ్జిని సగంలో తెంపేసినట్టుందే" అంది అమ్మ. నిన్నటి నుంచి మొహంలో నవ్వు కనిపించడం అదే మొదలు. "ఇన్ని నీళ్లున్నాయి, ఒక్కరైనా మునగరేం?" అనీ అడిగింది.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తే గోడల బయట, సెంటర్ స్టేషన్ దగ్గర లిఫ్ట్ ఉన్న హోటల్ చూసుకోండి. ఊరు నడిచి తిరిగేంతే. ఆ 30 యూరోలు మాకింకా తిరిగి రాలేదు, అడుగుతూనే ఉన్నాం.

తిరుగు పడవలో నది మధ్యకు రాగానే అమ్మ పర్సులోంచి 20 సెంట్ల నాణెం తీసి, కళ్లకద్దుకుని, రోన్‌లో వేసింది. రేవులో దిగాక, "ఇంకోసారి వెళ్దామా?" అంది. ఆ సాయంత్రం మూడుసార్లు దాటాం.