శ్రీలంకకు జనవరిలోనా, ఆగస్టులోనా?

శ్రీలంకలో వాతావరణం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, ‘ఏ ఒడ్డున?’ అని తిరిగి అడగాలి. మధ్యనున్న కొండలు మేఘాలను అడ్డుకోవడంతో రెండు రుతుపవనాలు దీవిని చెరో పక్క తడుపుతాయి.

జనవరిలో దక్షిణ, పడమటి తీరాలు బాగుంటాయి. గాలె కోట గోడల మీద సాయంత్రం నడవొచ్చు, మిరిస్సాలో పొద్దున్నే పడవెక్కి నీలి తిమింగలాల కోసం వెళ్లొచ్చు. శ్రీపాద కొండెక్కే కాలమూ ఇదే, డిసెంబరు పౌర్ణమి నుంచి మే పౌర్ణమి దాకా. కొండల మీది ఊరు నువారా ఎలియాలో రాత్రిళ్లు స్వెట్టర్ తప్పదు. చిక్కల్లా రద్దీ, గదుల అద్దెలు.

ఆగస్టులో లెక్క తిరగబడుతుంది. పడమటి సముద్రం అలలతో పోటెత్తుతుంటే తూర్పున ఎండ కాస్తుంది. ట్రింకోమలీలో కోణేశ్వరాలయం ఉన్న కొండ అంచు నుంచి కిందికి చూస్తే నీలం తప్ప ఇంకేం ఉండదు. నీలావెలి ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో నిలబడితే కాలివేళ్లు కనిపిస్తాయి. మిన్నేరియా చెరువు వెనక్కి తగ్గి, బయటపడ్డ గడ్డి కోసం వందల ఏనుగులు గున్నలతో సహా చేరతాయి. ఒక్క ఆ దృశ్యం కోసమైనా నా ఓటు ఆగస్టుకే. క్యాండీలో బుద్ధుడి దంతధాతువు గౌరవార్థం జరిగే ఎసళ పెరహెర ఊరేగింపు జులై, ఆగస్టుల్లోనే; ఆ రోజుల్లో అక్కడ గది దొరకడం గగనం.

పిల్లల బడి వల్ల సంక్రాంతికే వీలయ్యేవాళ్లు నిశ్చింతగా గాలె వైపు వెళ్లొచ్చు. దసరా సెలవుల్లో మాత్రం వద్దు: అక్టోబరు, నవంబరుల్లో మధ్యాహ్నమయ్యేసరికి ఏ ఒడ్డునైనా ఉరుముల వానే.