అమ్మ కాలు, మా పల్లె దవాఖాన: రెండేళ్ల తర్వాత

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయినప్పుడు అమ్మ జంపన్న వాగు నుంచి గద్దెల దాకా చెప్పుల్లేకుండా నడిచింది. ఆమెకు పన్నెండేళ్లుగా షుగర్. ఇంటికొచ్చిన మూడో రోజు దుప్పటి మీద మరక కనబడితే పాదం తిప్పి చూశాను. కుడి బొటనవేలి కింద బొబ్బ పగిలి పుండయింది. నొప్పి ఉందా అంటే లేదంది. షుగర్‌తో నరాలు మొద్దుబారితే నొప్పి తెలియదన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది.

అప్పటినుంచి మా ఊరి పల్లె దవాఖానే మాకు దిక్కైంది. పదకొండు వారాలు, రోజు విడిచి రోజు కట్టు. ఒక్క సిస్టరే మొత్తం చూసుకుంది. సెలైన్‌తో కడిగేది, పుండు అంచును ప్లాస్టిక్ కవర్ మీద పెన్నుతో గీసి పోయినసారి గీతతో పోల్చేది. ఒకరోజు వాసన పసిగట్టి, అప్పటికప్పుడే వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రికి పంపింది. అక్కడ చచ్చిన చర్మం తీశారు, ఎక్స్‌రే తీసి ఎముకకు పాకలేదన్నారు. సిస్టర్ ఇంకో వారం ఆగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

అన్నిటికంటే కష్టమైంది అమ్మను కూర్చోబెట్టడం. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి సాన్పు చల్లే మనిషి. మడమ మీద నడుస్తా అనేది. ‘అవ్వా, మందు నేను పెడుత. కాలు కింద పెట్టకుండ ఉండుడు నీ పని’ అని సిస్టర్ గట్టిగా చెప్పాకే మంచం దిగడం మానింది. ఆదివారాలు కట్టు కట్టేవాళ్లుండరు. అందుకే నాకు నేర్పింది.

కోపం వచ్చేదల్లా ఒక్క దగ్గరే. పుండు కాకముందు ఏళ్ల తరబడి నెలనెలా గోలీలు ఇచ్చారు, బీపీ చూశారు, రక్తం తీశారు. ఒక్కసారీ చెప్పులు తీయమనలేదు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారాన్ని అరికాలికి ఆనించి స్పర్శ చూసే పరీక్ష ఉంది, దానికి కొన్ని నిమిషాలు చాలు. ఇప్పటికీ నేను అడిగితేనే చేస్తారు. మెత్తటి రబ్బరుతో చేసే ఎంసీఆర్ చెప్పులు అడిగితే కుష్ఠు ఉన్నవాళ్లకేనన్నారు, హనుమకొండలో కొనుక్కున్నాం. అంత ఖర్చు కూలికి పోయే ఇంట్లో ఎట్లా పెడతారు? మందుల సంచితో పాటే ఆ చెప్పులూ ఇవ్వాలి.

షుగర్ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే రోజూ అరికాలు చూడండి. వేడినీళ్లలో కాలు పెట్టనివ్వకండి, వేళ్ల సందుల్లో తడి ఉంచకండి. పుండు కనబడితే పసుపు అద్ది ఇంట్లో కూర్చోకండి. అదే రోజు దవాఖానకు పోండి.

2026 జనవరి జాతరకు అమ్మ మళ్లీ పోయింది. గద్దెల ముందు మాత్రం చెప్పులు విప్పి సాక్సులతో నిలబడింది. ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కుని, తనే అద్దం అడిగి అరికాలు చూసుకుంది.