ఇస్తార్లు కొంటే ఒక్కసారి తిరగేసి చూడున్రి

మనుమని ఇరవై ఒకటో దినానికి నూటయాభై మంది అయితరని లెక్కేసి, హన్మకొండల ఓ డిస్పోజబుల్ సామాన్ల దుకాణంల రెండు వందల ఆకు ప్లేట్లు తెచ్చిన. మోదుగాకువే, మిషన్ మీద అచ్చు కొట్టినవి, పలక లెక్క గట్టిగున్నయి. వందకు 400. "ప్లాస్టిక్ ముచ్చటే లేదు సార్, అంత ఆకే" అన్నడు దుకాణపాయన.

ఇంటికొచ్చి ఒకటి తిరగేస్తే అడుగున అట్ట, నడుమ ఏదో మెరుస్తున్నది. ముప్పై ఏండ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పిన ప్రాణం ఊకుంటదా? బకెట్ల నానేసిన. తెల్లారి చూస్తే ఆకు ఊడొచ్చింది, అట్ట గుజ్జయింది, పల్చటి పొర ఒక్కటి నీళ్ల మీద తేలుతున్నది. ఆరబెట్టి ఓ ముక్కకు అగ్గిపుల్ల వెట్టిన. కొవ్వొత్తి వాసనొచ్చింది, చుక్కలు చుక్కలుగ కారింది. పాలిథినే!

గీ పాలిథిన్ పుట్టుడే అనుకోకుంట పుట్టింది. 1933 మార్చిల, ఇంగ్లండ్ నార్త్‌విచ్‌ల, ఐసీఐ కంపెనీ ల్యాబ్‌ల గిబ్సన్, ఫాసెట్ అనేటోళ్లు ఇథిలీన్ గ్యాసును ఇంకో రసాయనంతోటి కలిపి మస్తు ఒత్తిడి పెట్టిన్రు. అనుకున్నది కాలే గని, పాత్రల తెల్లటి మైనం అసొంటిది మిగిలింది. రెండో ప్రపంచ యుద్ధంల దాన్ని రాడార్ కేబుళ్లకు తొడిగిన్రు. కరెంటు దాటనియ్యదు, నీళ్లు పీల్చదు, చీకిపోదు. కేబుల్‌కు గదే కావాలె. అర్ధగంట అన్నం తిని పారేసే ఇస్తారికి ఎందుకు?

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు బంద్ అయినయి గదా. ఇప్పుడు గిట్ల ఆకు వేషం కట్టుకొని వస్తున్నది. మా గల్లీ ఆవులు ఎంగిలి ఇస్తార్లను పప్పు వాసనకు నమిలి మింగుతయి. ఆకు అరుగుతది, పొర కడుపులనే ఉంటది. వాపసు తీస్కోమంటే దుకాణపాయన "అందరు గివే కొంటరు సార్, మీకే వచ్చిందా కష్టం" అన్నడు.

ఇగ ములుగు రోడ్డు పక్కన కూసునే ఓ అవ్వ దగ్గరికి పోయిన. చేత్తోటి పుల్లలు గుచ్చి కుట్టిన మోదుగ ఇస్తార్లు, వందకు 250. "ఎవలు కొంటున్రు బిడ్డా, అందరికి మిషన్‌వే కావాలె" అనుకుంట, ఎండినయి రెండు పక్కకు తీసి మంచియి కట్టిచ్చింది.

ఉన్నదున్నట్టు చెప్తున్న. పచ్చిపులుసు పోస్తే ఆకుల సందులకెల్లి కారింది, మా బావ పంచె తడిసింది. దానికి గిన్నెలు పెట్టుకోవాలె. పుల్లలు పిల్లల చేతికి గుచ్చుకుంటయి, చూసుకోవాలె. వడ్డించే గంట ముందు నీళ్లు చల్లి తడిబట్ట కప్పకపోతే పటపట పగులుతయి. గీ సంగతి మా ఇంటామెకు ఎరుకే, నేనే మర్చిపోయి మొదటి బంతిల పది ఖరాబు చేసిన. అయినా వేడివేడి అన్నం పడంగనే లేచే ఆ పచ్చి వాసనకు మా తమ్ముడు రెండోసారి పెట్టించుకున్నడు. తిన్నంక అన్నీ పెరట్ల జామచెట్టు కింద గుంటల వేసి మన్ను కప్పినం.

పదికి ఎనిమిది మార్కులు. ఒకటి పచ్చిపులుసుకు పోయింది, ఒకటి పుల్లలకు. నూటికి మించి కావాలంటే రెండు దినాల ముందే చెప్పమన్నది అవ్వ, పొద్దుగాల పోతేనే దొరుకుతది. మిషన్ ప్లేట్లు నూట తొంభై తొమ్మిది మా సజ్జ మీద అట్లనే ఉన్నయి.