ట్యాంకుకు ఓకే, తాబేలుకు వద్దు

హన్మకొండ చౌరస్తా దగ్గరి ఈ అక్వేరియం షాపులో ట్యాంకులు, ఫిల్టర్లు బాగుంటాయి, రేట్లూ పర్వాలేదు. గొడవంతా తాబేళ్లతోనే. కంటి వెనక ఎర్ర చార, రూపాయి బిళ్లకంటే కాస్త పెద్ద సైజు. ఆ స్లైడర్ జాతి తాబేలు పిల్లను అరచేతిలో పెట్టి 'ఆడది సార్, గ్యారంటీ' అంటూ రేటు పెంచాడు. ఏం గ్యారంటీ! వీటికి ఆడ, మగ తేల్చే లింగ క్రోమోజోములే ఉండవు. గుడ్లు 26 డిగ్రీల దగ్గర పొదిగితే మగవి, 31 దగ్గరైతే ఆడవి. ఇంత పిల్లను చూసి ఎవరు చెప్తారు? పైగా అమెరికా జాతి, అడుగు దాకా పెరుగుతుంది. విసుగొచ్చి భద్రకాళి చెరువులో వదిలితే మన తాబేళ్ల తిండికి ఎసరు.

ఒక్కటి మెచ్చుకోవాలి: నక్షత్ర తాబేలు అడిగిన పిల్లగాడిని 'కేసయితది తమ్మీ' అని పంపించేశాడు. అక్రమ రవాణాలో పట్టుబడ్డ నక్షత్ర తాబేళ్లనైనా ఏ ప్రాంతానివో డీఎన్ఏతో తేల్చకుండా అడవిలో వదిలితే వేర్వేరు ప్రాంతాల వంశాలు కలగాపులగమవుతాయి. నేనైతే గప్పీ చేపలు తెచ్చుకున్నా, టెన్షన్ లేదు.